ముత్తుకూరులో నా నీళ్ల చదువు

బైపీసీ చదివే పిల్లలున్న ఇళ్లన్నింట్లో ఒక వరస నడుస్తుంటుంది. ముందు ఎంబీబీఎస్, అది రాకపోతే డెంటల్, తర్వాత వెటర్నరీ, ఆ తర్వాత అగ్రికల్చర్. ఈ వరసలో ఫిషరీస్ ఎక్కడొస్తుందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. ఎంసెట్ ర్యాంకు పట్టుకుని రైతు కోటాలో కౌన్సెలింగుకు వెళ్లేసరికి వెటర్నరీ సీట్లు అయిపోయాయి. అగ్రికల్చర్‌లో వచ్చేది ప్రైవేటు కాలేజీ, ఆ ఫీజు మా వల్ల కాదు. వాళ్లమ్మాయి కోసం వచ్చి పక్కన కూర్చున్న ఒకాయన నాన్నతో, "బీఎఫ్‌ఎస్సీ తీసుకోండి సార్. గవర్నమెంటు కాలేజీ, ఆక్వా ఉన్నంతకాలం పిల్లలకు పని దొరుకుద్ది" అన్నాడు. బీఎఫ్‌ఎస్సీ అంటే ఫిషరీస్‌లో నాలుగేళ్ల డిగ్రీ. నాన్న నా వైపు చూశారు, నేను తలూపాను. మా ఇంట్లో ఆ నిర్ణయానికి పట్టిన టైం అంతే.

మాది మార్కాపురం వైపు పల్లెటూరు. మాకు నీళ్లంటే బోరు, బోరు ఎండితే ట్యాంకర్. వెలిగొండ సొరంగాల్లోంచి కృష్ణ నీళ్లొస్తాయని మా తాత నా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. సముద్రం చూసింది చీరాల ఓడరేవులో, అదీ కార్తీక మాసం స్నానానికి వెళ్లినప్పుడు. చేపంటే సంతలో దొరికే బొచ్చె, శీలావతి. అలాంటిదాన్ని తీసుకెళ్లి నెల్లూరు జిల్లా ముత్తుకూరులో, నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోర్టుకు పోయే రోడ్డు మీదున్న మత్స్య కళాశాలలో పడేశారు. 1991లో పెట్టిన కాలేజీ అది. తెలంగాణలో ఇప్పుడు వనపర్తి జిల్లా పెబ్బేరులోనూ ఒకటి ఉంది.

బంధువుల మాటల గురించి ఎక్కువ చెప్పను. "చేపలు పట్టడానికి డిగ్రీ ఎందుకే" అన్నది నాలుగేళ్లూ విన్నాను. పెళ్లిళ్లలో అయితే మరీను.

బయటివాళ్లకు ఫిషరీస్ అంటే చేపల పెంపకమే. కోర్సులో పెంపకం ఉన్నమాట నిజమే గానీ అది ఒక భాగం. ప్రాసెసింగ్ ఒకటి, వలలు, బోట్ల ఇంజినీరింగ్ ఒకటి, రైతుల దగ్గరికి వెళ్లి చెప్పే ఎక్స్‌టెన్షన్ ఒకటి. ఇవి కాక రెండు డిపార్ట్‌మెంట్లున్నాయి. ఒకదాంట్లో నీళ్ల గురించి చెబుతారు, అంటే చెరువులు, నదులు, ఉప్పుటేర్లు, సముద్రం. రెండోదాంట్లో ఆ నీళ్లలో ఉన్న సంపదను ఎంత తీయొచ్చు, ఎవరు తీయొచ్చు, ఎప్పుడు ఆపాలి అన్న లెక్కలు. నన్ను పట్టుకున్నవి ఈ రెండూ. అందుకే ఇక్కడ వాటి గురించే ఎక్కువ రాస్తాను.

మొదటి సెమిస్టర్ మాత్రం విసుగు. ఫార్మలిన్ సీసాల్లో తెల్లగా పాలిపోయిన చేపలు, వాటి రెక్కల ముళ్లు లెక్కపెట్టడం, లాటిన్ పేర్లు బట్టీ పట్టడం. కళ్లు మండేవి. వైవాలో సార్ సీసా తిప్పి చూపిస్తే చాలు, తెలిసిన పేరు కూడా ఎగిరిపోయేది.

నీళ్ల ప్రాక్టికల్స్‌తో నా సంగతి మారింది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతి నేర్పారు. మీటరు ముంచితే క్షణంలో అంకె వచ్చే రోజుల్లో ఈ పాతకాలం పద్ధతి ఎందుకని అందరం సణుక్కున్నాం. చేశాక తెలిసింది. గాజు సీసాను నీళ్లలో ముంచి, ఒక్క గాలి బుడగ కూడా లోపల మిగలకుండా నింపి మూత పెట్టాలి. బుడగ ఉంటే ఆ గాలిలోని ఆక్సిజన్ కూడా కలిసి లెక్క పాడవుతుంది. తర్వాత పిపెట్టు కొసను నీళ్లలోకి దించి మాంగనీస్ సల్ఫేటు ఒక మిల్లీలీటరు, ఆల్కలీ అయొడైడ్ ఒక మిల్లీలీటరు వేసి సీసాను తలకిందులు చేస్తూ కలపాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి మబ్బులా విరుచుకుంటుంది. లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. మడ్డి అడుక్కి దిగాక సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తే కరిగి నీళ్లు పసుపుపచ్చగా అవుతాయి. అందులోంచి 200 మిల్లీలీటర్లు తీసి, బ్యూరెట్‌లోంచి థయోసల్ఫేటు చుక్కలు వదులుతూ రంగు బాగా పల్చబడ్డాక గంజి ద్రావణం వేస్తే ఒక్కసారిగా ముదురు నీలం. మళ్లీ చుక్కచుక్కగా వదులుతుంటే ఒక చుక్క దగ్గర ఆ నీలమంతా పోతుంది. 0.025 నార్మల్ థయోసల్ఫేటు వాడితే ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో లీటరు నీళ్లలో అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉన్నట్టు.

ఆ చివరి చుక్క కోసం నేనూ నా రూమ్మేటూ గొడవపడేవాళ్లం. "ఇంకా నీలం ఉంది", "లేదు, పోయింది" అని. కింద తెల్ల కాగితం పెట్టుకుని చూడండమ్మా అని ల్యాబ్ అసిస్టెంటు గారు చెప్పేదాకా మాకా తెలివి లేదు.

దీని అసలు విలువ కాలేజీ చెరువు దగ్గర తెలిసింది. ఒక పగలూ ఒక రాత్రీ మూడు గంటలకోసారి నీళ్లు తీసి ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత రాయాలి. టార్చిలైట్లు, ఓడోమాస్, బిస్కెట్ ప్యాకెట్లతో పిక్నిక్ మూడ్‌లోనే మొదలుపెట్టాం. మధ్యాహ్నం ఎండలో అంకె 9 దాటింది. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్లు మామూలుగా పట్టుకోగలిగేది లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. అంతకంటే ఎక్కువ ఎలా వచ్చిందంటే, నీళ్లలోని పచ్చటి నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతూనే ఉంది. చీకటి పడ్డాక ఆ వదలడం ఆగిపోయి, అదే నాచు ఆక్సిజన్‌ను పీల్చుకోవడమే మిగిలింది. చేపలూ పీలుస్తాయి, అడుగున కుళ్లే మేతలోని బ్యాక్టీరియా కూడా పీలుస్తుంది. అర్ధరాత్రికి 5, మూడింటికి 3.5. తెల్లవారుజామున మూడు కిందికి వచ్చింది. అప్పటికి చేపలు పైకి తేలి నోళ్లు ఆడిస్తున్నాయి. వాటి పెదాలు నీళ్ల పైపొరను తాకుతున్న చిన్న చప్పుడు ఆ నిశ్శబ్దంలో చెరువంతా వినపడుతోంది. నోటు పుస్తకంలో అంకె రాసేముందే చేపలు మాకు జవాబు చెప్పేశాయి.

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు రాత్రిపూట బస్సులో వెళ్తుంటే చెరువుల్లో నీళ్లకు గాలి కలిపే ఏరేటర్లు ఎందుకు గిరగిరా తిరుగుతుంటాయో, కరెంటు పోతే రైతు ప్రాణం ఎందుకు లేచిపోతుందో అప్పుడర్థమైంది. మబ్బు పట్టిన రోజుల్లో ఇంకా ప్రమాదం. పగలు తయారయ్యేది తగ్గిపోతుంది, రాత్రి ఖర్చు అంతే ఉంటుంది. ఉప్పు నీళ్లలో ఆక్సిజన్ ఇంకా తక్కువ కరుగుతుంది కాబట్టి రొయ్యల గుంతల్లో చిక్కు ఎక్కువ. గోదావరి జిల్లాల్లో చెరువులనేవాటిని నెల్లూరులో గుంతలంటారు. మా సీనియర్లు గుంత అనే మాటతోనే ఎవరిది ఏ జిల్లానో పట్టేసేవాళ్లు.

రెండో ఏడాదిలో ఓషనోగ్రఫీ. సముద్రాన్ని చదవడం మన వైపు ఎప్పుడు మొదలైందో చాలామందికి తెలీదు. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వాల్తేరు వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో ఈ చదువుకు బాట వేశారు. అప్పుడు విశాఖ తీరంలో చేసిన కొలతలను ఇప్పటికీ పాఠాల్లో చెబుతారు.

నాకు ఆ సబ్జెక్టులో బాగా నచ్చింది బంగాళాఖాతం స్వభావం. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ, ఇవన్నీ తెచ్చి పోసే మంచినీళ్లు ఉప్పు నీళ్ల కంటే తేలిక. అందుకని పాల మీద మీగడలా పైన పరుచుకుంటాయి. కింద చల్లటి నీళ్లలో నైట్రేటు, ఫాస్ఫేటు బోలెడుంటాయి గానీ ఈ పొర అడ్డుపడి పైకి రానివ్వదు. పైకి రాకపోతే సముద్రంలో నాచు పెరగదు, నాచు లేకపోతే చిన్న చేపలకు మేత ఉండదు. కేరళ తీరంలో వానాకాలం గాలులకు అడుగు నీళ్లు పైకి ఎగదన్నుకొస్తాయి, అందుకే అక్కడ కవళ్లు అనే చేపలు అంతంత పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంట ప్రవాహం దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి నడుస్తుంది. మైపాడు బీచ్‌లో నిలబడి చూస్తే రెండు కాలాల్లోనూ ఒకే సముద్రంలా కనిపిస్తుంది. ఉప్పు శాతం చూపించే రిఫ్రాక్టోమీటరు మీద ఒక చుక్క వేసి చూస్తే మాత్రం కాదు.

నదుల నీళ్లు సముద్రంలోకి "వృథాగా" పోతున్నాయన్న మాట మా ఇంట్లో, ఊళ్లో, టీవీలో రోజూ వినేదే. మార్కాపురం పిల్లగా నేనూ అదే నమ్మేదాన్ని. ఇప్పుడు ఆ మాట విన్నప్పుడల్లా ఇబ్బందిగా ఉంటుంది. నది తెచ్చే వండ్రు, పోషకాలు లేకపోతే మడ అడవులు లేవు. ఉప్పుటేర్లలో ఉప్పు శాతం పెరిగిపోతుంది, రొయ్య పిల్లలు పెరిగే చోటు పోతుంది. అలాగని మా తాతతో "కృష్ణ నీళ్లు నీకెందుకు, సముద్రానికి పోనీ" అని అనగలనా? అనలేను. ఈ రెండింటి మధ్య ఎంత అన్నదే అసలు చదువు. ఆ ఎంత అన్నదానికి పుస్తకంలో జవాబు లేదు.

సర్ ఆర్థర్ కాటన్ గురించి ఒక క్లాసు జరిగింది. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు ఆయన దేవుడు, ఇళ్లల్లో ఫొటోలుంటాయి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. సార్ బోర్డు మీద గోదావరి గీసి, అడ్డంగా ఒక గీత కొట్టి, "ఇప్పుడు మీరు పులస. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వచ్చారు. ఇక్కడ ఏం చేస్తారు?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. రాజోలు అబ్బాయొకడు మాత్రం కాస్త నొచ్చుకున్నాడు. సార్ కాటన్‌ను తక్కువ చేయడానికి ఆ మాట అనలేదు. వరికి మేలు చేసిన గోడే పులసకు దారి మూసిందని, రెండూ నిజమేనని చెప్పడానికి అన్నారు. మరి చేపకు మెట్ల దారి కట్టొచ్చు కదా అంటే, దాని మీద ఇంకో గంట నడిచింది.

మూడో ఏడాదిలో వచ్చిన స్టాక్ అసెస్‌మెంట్ అంటే అందరికీ టెన్షన్. బైపీసీ వాళ్లకు లెక్కలంటే భయం కదా, ఇదేమో వట్టి లెక్కలే. సముద్రంలో చేపలెన్నున్నాయో ఎవరూ లెక్కపెట్టలేరు. కాబట్టి ఒడ్డుకు వచ్చిన చేపల పొడవులు కొలిచి, అరసెంటీమీటరు వరసలుగా పేర్చి, నెల నెలా ఆ గుంపు ఎంత ముందుకు జరిగిందో చూసి పెరుగుదల అంచనా కడతారు. సహజంగా చచ్చేవెన్ని, వలలో చచ్చేవెన్ని అని విడదీస్తారు. మొత్తం చావుల్లో వల వల్ల చచ్చేవి సగం దాటితే ప్రమాద సూచన కింద లెక్క. కంప్యూటర్ ల్యాబులో ఫైశాట్ అనే ప్రోగ్రాంలో అంకెలు కొడితే వంపు తిరిగిన గీత ఎంతో అందంగా వచ్చేది.

అంకెలు తెచ్చుకోవడం మాత్రం అంత అందంగా ఉండదు. పొద్దున్నే కృష్ణపట్నం పక్కనున్న ఒక పాళేనికి వెళ్లేవాళ్లం. నెల్లూరు తీరంలో పట్టపుపాళెం అనే పేరుతో చాలా ఊళ్లున్నాయి, అలాంటిదే ఒకటి. ఫైబర్ బోట్లు ఇసుక మీదికి లాగగానే ఆడవాళ్లు గంపలతో చుట్టుముడతారు. వేలం నిమిషాల్లో ముగుస్తుంది. మేం ఆ సందులో దూరి, కొలబద్ద బిగించిన చెక్క పలక మీద చేపను పడుకోబెట్టి, మూతి కొస నుంచి తోక కొస దాకా చూసి ఒకరు అంకె అరవాలి, ఇంకొకరు రాయాలి. ఎండ పెరిగితే చేప మెత్తబడుతుంది, కొనేవాళ్లు విసుక్కుంటారు. ఒకామె నా చేతిలోని కానాగంతను లాక్కుని గంపలో వేసుకుంటూ, "ఏంది పాపా, కొలిస్తే లావవుద్దా ఏంది?" అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వేశాను. తర్వాత వారం నుంచి ఆ అక్కే నాకు గంప పక్కన చోటిచ్చి, "తొందరగా కానీ, మళ్లీ నెల్లూరు బస్సు పోద్ది" అనేది.

గుడ్డు ఏ దశలో ఉందో చూడాలంటే పొట్ట కోయాలి. కోస్తే ఆ చేప అమ్ముడుపోదు, కాబట్టి కొనుక్కోవాల్సిందే. ప్రాక్టికల్ ఖర్చు కింద తలా ఇంత వేసుకుని కొనేవాళ్లం. ల్యాబులో పొట్టలోవి తీసుకుని మిగతాది మెస్‌కు ఇస్తే ఆ పూట పులుసు. వంజరం మాత్రం ఎప్పుడూ మా బడ్జెట్లోకి రాలేదు.

అక్కడే ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటూ మమ్మల్ని చూసేవాడు. కాసేపు మాట్లాడాక ఒకరోజు నన్ను నేరుగానే అడిగాడు. "నువ్వు కొలిచేది నా వల్లో పడినదాన్నే కదమ్మా. పడకుండా పోయినదాన్ని ఎట్ట కొలుస్తావు?" వల కన్ను సైజును బట్టి పడే చేప సైజు మారుతుందని, అందువల్ల అంచనా తప్పొచ్చని మాకు ఒక చాప్టరే ఉంది. ఆయన దాన్ని ఒక్క మాటలో అడిగేశాడు. చేప తగ్గడానికి కారణం ఏంటని అడిగితే తమిళనాడు నుంచి వచ్చే సోనాబోట్లంటాడు, అంటే వలను అడుగున ఈడ్చుకుపోయే పెద్ద బోట్లు. ఒడ్డుకు దగ్గరగా వచ్చి ఊడ్చుకుపోతాయని, తమ వలలు తెంపేస్తాయని వాళ్ల కోపం. ఇలాంటి పెద్ద మరబోట్లు తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల వేటాడకూడదని మన రాష్ట్రంలో నియమం ఉంది. సముద్రం మీద గీత గీసినవాళ్లెవరూ లేరుగా, కాపలా కాసేవాళ్లూ ఎక్కువ లేరు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని పేపర్లలో రాస్తారు. చదువుకున్నాక నాకు అది సగం సమాధానమే అనిపించింది. మన ఉష్ణమండల సముద్రంలో ఎన్నో జాతులు ఏడాది పొడుగునా ఏదో ఒక నెలలో గుడ్లు పెడుతూనే ఉంటాయి. ఈ రెండు నెలలు అన్ని జాతులకూ సరిపోవు. నిషేధం వల్ల తప్పకుండా జరిగే మేలు ఇంకొకటుంది. బోట్ల వెనక ఈడ్చే ట్రాల్ వలలు సముద్రం అడుగు దున్నడం ఆ రెండు నెలలూ ఆగుతుంది. కానీ మిగతా పది నెలల్లో బోటు పొడవు, ఇంజిన్ బలం పెరుగుతూ పోతే ఆ విశ్రాంతి ఎంతవరకు నిలుస్తుంది? ఈ ప్రశ్న సెమినార్‌లో అడిగితే మేడమ్ నన్నే పేపర్ తయారుచేయమన్నారు. అలా ఇరుక్కుని ఒక నెల లైబ్రరీలో గడిపాను. నాకు బాగా ఉపయోగపడిన నెల అదే.

ట్రాల్ వల అడుగు దున్నడం అంటే ఏంటో విశాఖలో స్టడీ టూర్‌లో కళ్లారా చూశాం. వల పైకి లాగి చివర ముడి విప్పగానే డెక్ మీద కుప్ప పడింది. రొయ్యలు ఒక గంప కూడా లేవు. మిగతాదంతా జెల్లీ చేపలు, పీతలు, నక్షత్ర చేపలు, వేలెడేసి సావళ్లు, ఒక సముద్రపు పాము. కూలీలు చేతులతో గబగబా ఏరుతున్నారు. చిన్నవన్నీ చేపల పొడి మిల్లుకు పోతాయట. ఆ పొడి మళ్లీ రొయ్యల మేతలోకి, ఆ మేత మా కాలేజీ చుట్టుపక్కల గుంతల్లోకి. నేను అదే టైంలో బోటు అంచు పట్టుకుని వాంతులు చేసుకుంటున్నాను కాబట్టి ఇంతకంటే వివరంగా చెప్పలేను.

చట్టాల క్లాసు నిద్రొచ్చేదే గానీ, దాని వెనకున్న గొడవలు వింటే రాదు. 1996 డిసెంబరు 11న జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతిలోవి తప్ప రొయ్యల గుంతలు ఉండకూడదని చెప్పిన తీర్పు నెల్లూరు జిల్లాను కుదిపేసింది. అప్పటికే రొయ్యలను చంపే వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చి టైగర్ రొయ్య రైతులు మునిగిపోయి ఉన్నారు. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009 నుంచి టైగర్ బదులు వనామి రకం రొయ్య. ఆ రోజుల గురించి మా సార్లు పాఠంగా చెప్పేవాళ్లు కాదు, సొంత ఊరి సంగతుల్లా చెప్పేవాళ్లు.

కొల్లేరు అంతకంటే చిక్కు. ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యం అయింది, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి వెళ్లింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. ఆటపాక దగ్గర గూడబాతులను చూసి మేమంతా ఫొటోలు తీసుకుంటుంటే, మమ్మల్ని పడవలో తిప్పినాయన ఏ గట్టు దగ్గర వాళ్ల చెరువు ఉండేదో చూపించాడు. మా బస్సులో వెనక్కి వస్తూ రెండు వర్గాలై కొట్టుకున్నంత పని చేశాం. పక్షుల పక్షం ఒకటి, చెరువుల పక్షం ఒకటి. తర్వాత 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మా గ్రూపులో ఒకడు కొల్లేరు మ్యాపు పెట్టాడు. బుడమేరు వెళ్లి కలిసేది కొల్లేరులోనే. అక్కడి నుంచి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి. మూడో పక్షం కూడా ఉందని, అది వరదనీళ్లని అప్పుడు గుర్తొచ్చింది.

"చేపను ఎవడూ మేనేజ్ చెయ్యలేడు, చెయ్యాల్సింది మనుషుల్ని" అని ఒక సార్ ప్రతి సెమిస్టర్‌లో అనేవారు. అరిగిపోయిన మాటే. ఫైనలియర్‌లో పల్లెలో ఉండి పనిచేసే ప్రోగ్రాంకు వెళ్లేదాకా మాకు అది జోకే.

మాకిచ్చిన ఊళ్లో ఒకే మురుగు కాలువ వెంట రెండువైపులా రొయ్యల గుంతలు. ఒకరు నీళ్లు వదిలేది ఆ కాలువలోకే, పక్కవాళ్లు మోటారు పెట్టి తోడుకునేదీ ఆ కాలువలోంచే. ఒక గుంతకు వైట్ స్పాట్ వస్తే ఆ రైతు చేయాల్సింది తూము బిగించి, బ్లీచింగ్ చల్లి, వైరస్ చచ్చేదాకా నీళ్లను కదపకుండా ఉంచడం. కానీ లీజు డబ్బు, మేత అప్పు నెత్తిమీదున్న మనిషి ఉన్న రొయ్యను హడావుడిగా పట్టించేసి, రాత్రికి రాత్రి నీళ్లు వదిలేస్తాడు. తెల్లారి కింది గుంత రైతు అవే నీళ్లు తోడుకుంటాడు. రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి చూస్తే మేత అలాగే మిగిలి ఉంటుంది, గట్టు పక్కన ఎర్రబారిన రొయ్యలు తిరుగుతుంటాయి. ఐదు హెక్టార్లు దాటిన ఫారాలకు వదిలే నీళ్లను శుద్ధి చేసే ఏర్పాటు తప్పనిసరి. అక్కడ ఒక్కొక్కరిదీ రెండెకరాలు, మూడెకరాలు. కాలువ మొత్తం కలిపి చూస్తే పెద్ద ఫారమే, కాగితం మీద మాత్రం అన్నీ చిన్నవే.

మా బ్యాచ్ ప్రాజెక్టు కింద ఆ కాలువ మ్యాపు గీశాం. ఎవరి తూము ఎక్కడ, ఎవరి మోటారు ఎక్కడ, ఏ వారం ఎవరు నీళ్లు మారుస్తారు అని. చార్టు మీద గీసి రామాలయం అరుగు మీద పరిస్తే రైతులు చుట్టూ చేరారు. తమ గుంత ఎక్కడుందో వెతుక్కోవడం, తర్వాత పైన ఎవరున్నారో చూడటం. "అయితే మాకొచ్చేది నీ నీళ్లేనన్నమాట" అని ఒకాయన పక్కాయన్ని అడిగాడు, సగం నవ్వుతూ సగం సీరియస్‌గా. ఆ ఇద్దరికీ గట్టు తగాదా ఉందట, ఏళ్లుగా మాటల్లేవు. మేం ప్రతిపాదించింది చాలా చిన్నది. వదిలే రోజులు, తోడే రోజులు వేరుగా పెట్టుకోవడం, జబ్బొస్తే వాట్సాప్ గ్రూపులో ముందుగా చెప్పడం. రోజులు వేరు చేసుకోవడానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు. జబ్బు సంగతి గ్రూపులో పెట్టడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. పెడితే కొనేవాడు వెంటనే రేటు తగ్గిస్తాడు. "నువ్వైతే చెబుతావా పాపా?" అని ఒక రైతు అడిగితే నా దగ్గర మాట లేదు.

ఆ ఊళ్లోనే గుంతలు లేనివాళ్ల గోడు కూడా విన్నాం. బావుల్లో నీళ్లు ఉప్పగా మారి, తాగడానికి క్యాన్లు కొనుక్కుంటున్న ఇళ్లు. మేం రిపోర్టులో వాళ్ల బావుల ఉప్పు శాతం కూడా కొలిచి పెట్టాం. అది ప్రాజెక్టులో అడగని పని, గైడ్ సార్ అయినా తీసేయమనలేదు.

ప్రాసెసింగ్ ప్లాంట్ ట్రైనింగ్ గురించి క్లుప్తంగా. పేరు చెప్పను. మమ్మల్ని నేర్చుకునేవాళ్లలా కాకుండా జీతం లేని సూపర్‌వైజర్లలా వాడుకున్నారు. అయినా యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో కౌంటు చూడటం, ఐస్‌లో మొద్దుబారిన వేళ్లతో గంటల తరబడి రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల పని చూశాను. ఆ హాల్లో ఒక పూట నిలబడితే నా కాళ్లు గడ్డకట్టాయి. వాళ్లు రోజూ నిలబడతారు.

ఇక ఉద్యోగాల సంగతి, ఎక్కువమంది అడిగేది ఇదే. ఆక్వా మేత, మందుల కంపెనీల్లో టెక్నీషియన్ ఉద్యోగం తొందరగా దొరుకుతుంది, అమ్మకాల టార్గెట్లుంటాయి. హేచరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్ల క్వాలిటీ విభాగాలు ఉన్నాయి. ఏపీపీఎస్సీ వేసినప్పుడు ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్ పోస్టులు, 2019లో వచ్చిన సచివాలయాల్లో మత్స్య సహాయకులు, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకు మన డిగ్రీ చెల్లుతుంది. ఆడపిల్లలకు ఫీల్డ్ ఉద్యోగం ఇవ్వడానికి కంపెనీలు ఇంకా వెనకాడుతున్నాయి. ఇంటర్వ్యూలో ఒకచోట "రాత్రి గుంతల మీదికి వెళ్లగలవా అమ్మా" అని అడిగారు. మా బ్యాచ్ అబ్బాయిలను ఆ మాట అడగలేదు. నీళ్లు, వనరుల వైపే వెళ్లాలనుకుంటే డిగ్రీతో ఆగకూడదు, పీజీ చేయాల్సిందే. ముంబైలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిషరీస్ ఎడ్యుకేషన్, కొచ్చిలోని సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ, హైదరాబాద్‌లో చేపలు దొరికే చోట్లపై మత్స్యకారులకు సమాచారం పంపే ఇన్‌కాయిస్, ఇలాంటి చోట్లకు దారి అటునుంచే.

నేను ప్రస్తుతం ఒక నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేస్తూ పీజీ ఎంట్రన్స్‌కు చదువుతున్నాను. రైతులు పొద్దున్నే ప్లాస్టిక్ సీసాల్లో గుంత నీళ్లు తెస్తారు. సగం సీసాల్లో పైన గాలి మిగిలే ఉంటుంది. అంచుదాకా నింపి మూత పెట్టండి బాబాయ్, లేకపోతే ఆక్సిజన్ లెక్క తప్పుతుంది అని రోజూ చెబుతుంటాను. "రేపట్నుంచి అట్నే తెస్తాలేమ్మా" అంటారు. ఈలోగా మార్కాపురం నుంచి తాత ఫోన్ చేసి, మన బోరు నీళ్లు కూడా ఒకసారి చూడమంటున్నాడు. సీసా ఎలా నింపాలో ఆయనకూ చెప్పాను.